జీడిపిక్కకు మీరు కొన్న రేటు తెలియదు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, శ్రీకాకుళంలో ఉద్యోగం. 2021లో ఒక షేరు 310 రూపాయల చొప్పున 200 కొన్నాను. ఇప్పుడు 118. అమ్మబుద్ధి కావడం లేదు. లాభంలో ఉన్న రెండు షేర్లు మాత్రం ఎప్పుడో అమ్మేశాను, ఆ తర్వాత అవి ఇంకా పెరిగాయి. ఇప్పుడు భోగాపురం దగ్గర ప్లాటుకు అడ్వాన్సు ఇమ్మని ఒత్తిడి చేస్తున్నారు. గజం 18 వేలని చెప్పి, నాకు మాత్రం 14,500కు ఇస్తామంటున్నారు. మనసు చేసే ఈ పొరపాట్ల గురించి చాలా చదివాను, బయాస్‌ల పేర్లన్నీ తెలుసు. తెలిసి కూడా అవే తప్పులు ఎందుకు చేస్తున్నాను? నష్టం సంగతి మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.

జవాబు:

తెలిసినంత మాత్రాన పోవండీ అవి. వీటి మీదే జీవితమంతా పనిచేసి 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న డేనియల్ కానెమన్ కూడా, ఇంత చదివినా తన తొందరపాటు అంచనాలు పెద్దగా బాగుపడలేదని ఒప్పుకున్నాడు. ఆయనకే అలా ఉంటే, నాలుగు వీడియోలు చూసిన మనకు వదులుతాయా?

కాబట్టి పేర్ల జోలికి ఎక్కువ పోను. నేను 33 ఏళ్లు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. పలాస, నరసన్నపేట, రాజాం తిరిగి చివరికి విజయనగరంలో ఇల్లు కట్టుకున్నాను. కౌంటరు ఇవతల కూర్చుని వేరేవాళ్లు డబ్బుతో చేసే తప్పులు చూశాను, సాయంత్రం ఇంటికెళ్లి నా డబ్బుతో నేనూ అవే చేశాను. రెండు రకాలవీ చెబుతాను.

పలాసలో ఉన్నప్పుడు మా దగ్గర ఒక జీడిపప్పు వ్యాపారికి సీసీ ఖాతా, అంటే సరుకు మీద ఇచ్చే అప్పు ఖాతా ఉండేది. సీజన్‌లో పిక్కలు కొని గోడౌన్‌లో వేసుకోవడం, ఏడాది పొడవునా పప్పు తీయించి అమ్ముకోవడం ఆయన వ్యాపారం. ఒక ఏడు 80 కిలోల బస్తాను ఎక్కువ రేటు పెట్టి కొన్నాడు. రెండు నెలలు తిరక్కుండానే రేటు పడిపోయింది. తోటి వ్యాపారులు చాలామంది మళ్లీ పెరుగుతుందిలే అని గోడౌన్‌కు తాళం వేసి కూర్చున్నారు. ఈయన మాత్రం సగం సరుకు నష్టానికే వదిలించుకున్నాడు. బాధగా లేదా అని అడిగాను. "నానెంతకి కొన్నానో ఆ పిక్కకేటి తెలుసు సార్?" అన్నాడు.

ఈ మాట చాలా ఏళ్లు అందరికీ చెప్పుకుని తిరిగాను, ఎంత తెలివైన మనిషో అని. తర్వాత అసలు సంగతి తెలిసింది. అదే మనిషికి కాశీబుగ్గ పక్కన ఒక స్థలం ఉంది. షాపు కడదామని కొన్నాడు, కట్టలేదు. కొనేవాళ్లు వచ్చిన ప్రతిసారీ ఒకటే జవాబు: "నేను పెట్టిందే రావడం లేదు, ఎలా ఇచ్చేయమంటారు?" పదకొండేళ్లు అలాగే ఉంచాడు. పిక్కకు తెలియని కొన్న రేటు స్థలానికి ఎలా తెలిసిందో మరి!

మనిషి ఒక్కడే, బుర్ర ఒక్కటే. తేడా ఎక్కడుందంటే, పిక్కల మీద ఆయన ప్రతి నెలా మాకు స్టాక్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. అందులో సరుకు విలువ కొన్న ధరకు రాస్తే ఒప్పుకోం. కొన్న ధర, ఇవాళ్టి మార్కెట్ ధర, ఈ రెంటిలో ఏది తక్కువో అదే వేయాలి. విలువ తగ్గితే డ్రాయింగ్ పవర్, అంటే ఖాతాలోంచి వాడుకోగల పరిమితి తగ్గుతుంది, ఆ మేరకు డబ్బు తెచ్చి కట్టాలి. పైగా వాడుకున్న సొమ్ము మీద రోజు లెక్కన వడ్డీ పడుతూనే ఉంటుంది. అంటే నెలకోసారి బలవంతంగా ఇవాళ్టి రేటు ముఖం చూడాల్సిందే. స్థలం మీద అప్పు లేదు, స్టేట్‌మెంటూ లేదు. అడిగేవాడే లేడు. నేను తెలివి అనుకున్నది, నిజానికి మా బ్యాంకు పెట్టిన ఒక కాగితం.

మీ 118 షేరుకు కూడా అలాంటి కాగితమే కావాలి. మీ డీమ్యాట్ యాప్ తెరవగానే మొదట కనిపించేది కొన్న ధర, దాని పక్కన ఎర్రగా నష్టం. అలా చూపించినంత కాలం మీ ప్రశ్న "310 ఎప్పుడొస్తుంది" దగ్గరే ఆగిపోతుంది. 118 నుంచి 310కి పోవాలంటే 163 శాతం పెరగాలి. మీ 200 షేర్ల విలువ ఇవాళ 23,600. ఈ 23,600 రేపు పొద్దున్న మీ ఖాతాలో నగదుగా ఉంటే, అన్ని కంపెనీలనూ వదిలి ఇదే కంపెనీలో పెడతారా? పెడతాను, ఎందుకంటే ఫలానా కారణం, అని రెండు వాక్యాలు రాయగలిగితే ఉంచుకోండి. నాకేం అభ్యంతరం లేదు. "ఇంత పోయాక ఇప్పుడెందుకు" అన్నది ఆ రెండు వాక్యాల్లో ఒకటైతే మాత్రం అది కారణం కాదు.

అమ్మనంతవరకు నష్టం కాదనే మాట మీ ఆఫీసులోనూ వినే ఉంటారు. మా బ్యాంకులో మొండి బకాయి గురించి ఎవరైనా ఇలా మాట్లాడితే ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినాయన తిట్టేవాడు. అమ్మినా అమ్మకపోయినా 38,400 పోయింది. పైగా అమ్మితే ఒక చిన్న ఉపయోగం ఉంది. ఏడాది దాటింది కాబట్టి ఇది దీర్ఘకాలిక నష్టం కింద వస్తుంది, దాన్ని మీ దీర్ఘకాలిక లాభాల్లోంచి తగ్గించుకోవచ్చు. రిటర్ను గడువులోపు వేస్తే మిగిలినదాన్ని ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకెళ్లొచ్చు. బీరువాలో దాచుకున్న నష్టానికి పన్ను లెక్కలో చోటు లేదు.

లాభం ఉన్నవి అమ్మి నష్టం ఉన్నవి అట్టిపెట్టుకోవడం మీ ఒక్కరి జబ్బు కాదు. అమెరికాలో టెరెన్స్ ఓడీన్ అనే ఆయన ఒక బ్రోకరేజీలోని 10 వేల ఖాతాలు పరిశీలించి 1998లో ఫలితాలు అచ్చు వేశాడు. జనం లాభాల షేర్లను గబగబా అమ్ముతున్నారు, నష్టాల షేర్లను పట్టుకు వేలాడుతున్నారు. అమ్మేసిన లాభాల షేర్లు, ఉంచుకున్న నష్టాల షేర్ల కంటే ఆ తర్వాతి ఏడాదిలో సగటున 3.4 శాతం ఎక్కువే ఇచ్చాయి. మీకు జరిగిందీ అదే. లాభం బుక్ చేసినప్పుడు "నా అంచనా నిజమైంది" అన్న తృప్తి వెంటనే దొరుకుతుంది. నష్టానికి అమ్మితే తప్పు ఒప్పుకోవాలి. కానెమన్, ఆయన మిత్రుడు ఎమోస్ ట్వెర్‌స్కీ వేసిన లెక్క ప్రకారం, వంద పోయిన బాధ వంద వచ్చిన సంతోషానికి రెండింతల పైచిలుకు. మన పెద్దవాళ్లకు ఈ లెక్క తెలియకపోయినా, సంతలో పడిపోయిన పది రూపాయల నోటు గురించి మా నాయనమ్మ ఏడాది పాటు చెప్పింది. ఏ నోటైనా దొరికిన సంగతి ఒక్కసారీ చెప్పగా వినలేదు.

ఇక నా సంగతి. 2018లో ఒక ప్రైవేటు బ్యాంకు షేరు కొన్నాను. నేనే బ్యాంకువాణ్ణి, బ్యాంకుల సంగతి నాకు తెలియదా అన్న ధీమా. పడింది. చవకైంది కదా అని మళ్లీ కొన్నాను. ఇంకా పడింది, ఇంకా చవక. మూడుసార్లు యావరేజ్ చేశాను. ఆ చవక ఎక్కణ్ణుంచి వచ్చింది? నేను మొదట కొన్న రేటుతో పోలిస్తే చవక, అంతే. ఆ బ్యాంకు ఆస్తులు ఎలా ఉన్నాయో చూసి అన్న మాట కాదది. ఇందులో సిగ్గుపడాల్సింది ఇంకొకటి ఉంది. ఎన్‌పీఏ, అంటే మొండి బకాయి ఖాతాల చుట్టూ సర్వీసంతా తిరిగినవాణ్ణి, ఆ బ్యాంకు మొండి బకాయిల వార్త పేపర్లో వస్తే పేజీ తిప్పేసేవాణ్ణి. మంచి వార్త వస్తే కత్తిరించి డైరీలో పెట్టుకునేవాణ్ణి. అది ఎలా ముగిసిందో చివర్లో చెబుతాను.

డైరీ అంటే గుర్తొచ్చింది. 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజే 3,934 పాయింట్లు పడి 25,981 దగ్గర ముగిసింది. ఆ నవంబరుకల్లా పాత గరిష్ఠాన్ని దాటేసింది. "అప్పుడు నేనేం భయపడలేదు, నా సిప్‌లు (ఫండ్లలో నెలనెలా కట్టే వాయిదాలు) ఆపలేదు" అని ఉదయం నడకలో తోటి పెన్షనర్లకు చాలాసార్లు చెప్పాను. అబద్ధం చెబుతున్నానని నాకు తెలియదు, నిజంగానే నమ్మాను. మొన్న ఇంటికి రంగులు వేయిస్తుంటే ఆ ఏటి డైరీ దొరికింది. ఏప్రిల్ రెండో వారంలో నా చేతిరాతే: "రెండు సిప్‌లూ ఆపించాను. తర్వాత చూద్దాం." బరూక్ ఫిషాఫ్ అనే పరిశోధకుడు ఇలాంటిదే చేసి చూశాడు. 1972లో నిక్సన్ చైనా, రష్యా వెళ్లేముందు ఏం జరగొచ్చో అంచనా వేయమని విద్యార్థులను అడిగాడు. తర్వాత, అప్పుడు మీరేం చెప్పారో గుర్తు చేసుకోండి అంటే, జరిగినవాటికి తాము ముందే ఎక్కువ అవకాశం ఇచ్చామని గుర్తు చేసుకున్నారు. జ్ఞాపకం మనకు అనుకూలంగా సాక్ష్యం తిప్పి చెబుతుంది. అందుకే రాసి పెట్టుకోమంటాను. మీకు అప్పట్లో నిజంగా ఏం అనిపించిందో చెప్పడానికి ఇంకెవరూ ఉండరు.

భోగాపురం ప్లాటు. 18 వేలు అనే అంకె ఎందుకు చెప్పారో మీకు తెలుసు, చదివారు కూడా. అయినా 14,500 అనగానే గజానికి 3,500 మిగిలినట్టు లోపల ఎక్కడో అనిపించే ఉంటుంది. 1974లో కానెమన్, ట్వెర్‌స్కీ అచ్చు వేసిన ప్రయోగంలో జనం ముందు ఒక చక్రం తిప్పేవారు. అది 10 దగ్గరో 65 దగ్గరో ఆగేలా ముందే సర్దారు. తర్వాత ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాల శాతం ఎంత అని అడిగితే, 10 చూసినవాళ్ల అంచనా 25 దగ్గర, 65 చూసినవాళ్లది 45 దగ్గర తేలింది. చక్రానికీ ఆఫ్రికాకూ ఏం సంబంధం? బ్రోకరు నోట్లోంచి వచ్చిన మొదటి అంకెకూ ఆ భూమికీ కూడా అంతే సంబంధం. అది విన్నాక ఎంత జాగ్రత్తపడినా దాని చుట్టే బేరం ఆడతాం. అందుకే ఫోన్ ఎత్తకముందే మీ అంకె మీరు కాగితం మీద వేసుకోవాలి. ఆ సర్వే నంబరుకు రిజిస్ట్రేషన్ శాఖ పెట్టిన మార్కెట్ విలువ ఎంత, గత ఏడాది పక్క లేఅవుట్లో నిజంగా చేతులు మారిన రేటు ఎంత, మీరు ఎంతవరకు పోగలరు. ఈ మూడూ రాశాకే వాళ్ల మాట వినండి. లేఅవుట్‌కు వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) అనుమతి, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు, ముప్పై ఏళ్ల ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీల పత్రం) చూడకుండా రూపాయి కూడా ఇవ్వొద్దు. ఇది మనస్తత్వశాస్త్రం కాదు, మామూలు జాగ్రత్త.

"అక్కడ కొత్త ఎయిర్‌పోర్టు కదా" అంటారు. నిజమే, సంతోషమే. కానీ ఆ సంగతి అమ్మేవాడికి కూడా తెలుసు, మీకు చెప్పే రేటులో అది ఎప్పుడో కలిసిపోయింది. అక్కడ 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో మరోసారి శంకుస్థాపన జరిగింది. మొదటిదాని ముందే అప్పు చేసి కొన్నవాళ్లు, ఆ మధ్య నాలుగేళ్లూ కట్టిన వడ్డీని లాభం లెక్కలోంచి తీసివేయడం నేను ఒక్కరి దగ్గరా చూడలేదు. "ఐదు లక్షలది పన్నెండైంది" అంటారు, అంతే.

అందరూ కొంటున్నారని కొనడం మీద నాకు పెద్ద కోపం లేదు. పొలం పనుల్లో పక్క రైతు ఎప్పుడు నారు పోస్తే అప్పుడు పోయడం చాలాసార్లు సరైన పనే, ఆయనకు తెలిసింది మనకు తెలియకపోవచ్చు. రైతు విషయంలో ఆయన పంట మన కళ్ల ముందే ఉంటుంది. ప్లాట్ల విషయంలో కొన్నవాళ్లు కనిపిస్తారు, అమ్ముకోలేక కూర్చున్నవాళ్లు పెళ్లిళ్లలో ఆ మాట ఎత్తరు.

షేర్లలో లాభం రాలేదని ఫ్యూచర్స్, ఆప్షన్స్ (షేర్ల రేటు ఎటు పోతుందో పందెం కాసే ఒప్పందాలు) వైపు చూస్తుంటే అక్కడే ఆగండి. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2024 సెప్టెంబరులో చెప్పిన లెక్క: 2021-22 నుంచి మూడేళ్లలో వీటిలో దిగిన కోటి మందికి పైగా మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం 1.8 లక్షల కోట్లకు పైగా పోయింది. ఇది చదివి "ఆ ఏడు శాతంలో నేనుంటాను" అనుకోనివాడు ఎవడూ అందులో దిగడు. ఇంతకంటే చెప్పడానికేం లేదు.

ఇంట్లో జరిగేవి వీటికంటే పెద్దవి, ఎవరూ పట్టించుకోరు గానీ. రాజాంలో ఒక టీచరుగారు అమ్మాయి పెళ్లికని మా దగ్గర నాలుగు లక్షలు ఎఫ్‌డీ వేశారు, ఏడు శాతం చిల్లర వడ్డీ. అదే సమయంలో అబ్బాయి ఫీజుకు బయట రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారు. నూటికి నెలకు రెండంటే ఏడాదికి 24 శాతం. ఒక జేబులో ఏడు, ఇంకో జేబులోంచి 24. ఎఫ్‌డీ తీయక్కర్లేదండీ, దాని మీదే అప్పు ఇస్తాం, ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి రెండు శాతం ఎక్కువ పడుతుందంతే అంటే, "అది పెళ్లి డబ్బు సార్, దాన్ని ముట్టుకోకూడదు" అన్నారు. రిచర్డ్ థేలర్ ఈ జేబుల లెక్కను పరిశోధించాడు, 2017లో ఆయనకూ నోబెల్ వచ్చింది. అయితే ఇక్కడ నేను ఆర్థికవేత్తల పక్షం పూర్తిగా తీసుకోను. పెళ్లి డబ్బు అని పేరు పెట్టకపోతే ఆ నాలుగు లక్షలు బైకు, ఫ్రిజ్, బంధువుల అప్పు కింద ఎప్పుడో కరిగిపోయేవి. ఆ పేరే దానికి తాళం. తాళం ఉంచుకుని, రెండు రూపాయల వడ్డీ మాత్రం వదిలించుకునే దారి చూడాలి. ఆవిడను ఒప్పించడానికి నాకు మూడు నెలలు పట్టింది.

తుపాను సంగతి కూడా ఇలాంటిదే. 2018 అక్టోబరు 11న తిత్లీ తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలిపోయాయి. ఆ తర్వాత రెండేళ్లు నన్ను కలిసిన ప్రతి రైతూ ఇన్సూరెన్స్ గురించి అడిగాడు. మూడో ఏడు ప్రీమియం దగ్గర గొణుగుడు మొదలు. బంగాళాఖాతం మారలేదు, కళ్ల ముందు బొమ్మ చెరిగిపోయిందంతే. మీ విషయంలోనూ, ఉద్యోగం ఉంది కదా అని టర్మ్ ఇన్సూరెన్స్ (మనిషి పోతే ఇంటివాళ్లకు డబ్బిచ్చే బీమా) వాయిదా వేసి ఉంటే, 118 షేరు కంటే అది ముందు చూసుకోవాల్సిన పని.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. నేను కట్టి చూశాను. అనుకున్నది 22 లక్షలు, పది నెలలు. అయింది 31 లక్షలు, పందొమ్మిది నెలలు. ఇంటి అప్పుల ఫైళ్లు వందలు చూశాను, అన్నింటిలోనూ అంచనా పెరగడం చూశాను, నా ఇంటికి మాత్రం పెరగదనుకున్నాను. కానెమన్‌కు కూడా ఇదే అయింది. ఇజ్రాయెల్‌లో ఒక పాఠ్యపుస్తకం రాయడానికి రెండేళ్లు చాలనుకున్న బృందంలో ఆయన ఒకడు. ఎనిమిదేళ్లు పట్టింది. ఇలాంటి పని చేసిన వేరే బృందాలకు ఏడేళ్ల పైనే పట్టిందని వాళ్లలో ఒకాయనకు ముందే తెలుసు, ఆయన కూడా తమ పనికి రెండేళ్లే చెప్పాడు. కాబట్టి మేస్త్రిని అడగొద్దు. మీ వీధిలో ఈ మధ్య ఇల్లు కట్టిన నలుగురిని, మొదట ఎంత అనుకున్నారు, చివరికి ఎంతైంది అని అడగండి. మొహమాటపడకండి, జనం చాలా ఇష్టంగా చెబుతారు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఒక పాత నోటుబుక్ చాలు. ఏటా ఏప్రిల్, అక్టోబరుల్లో ఒక ఆదివారం, మీ దగ్గరున్న ప్రతిదీ ఇవాళ్టి విలువకు రాయండి. షేర్లు, ఫండ్లు, బంగారం, స్థలం, ఇవ్వాల్సిన అప్పులు. కొన్న ధర గడి ఉండకూడదు, పన్ను కోసం కావాలంటే అది వేరే చోట ఉంటుంది. ప్రతిదాని పక్కన ఒక వాక్యం: ఇవాళ నగదు ఉంటే ఇది కొంటానా. కొత్తగా ఏదైనా కొంటే, ఆ రోజే ఎందుకు కొన్నానో, ఏం జరిగితే అమ్మేస్తానో రాసి సంతకం పెట్టండి. అడ్వాన్సు లాంటివి ఎవరైనా "ఇవాళే" అంటే, మీ జవాబు కూడా ముందే రాసి ఉండాలి: పది రోజుల తర్వాతే. పది రోజుల్లో పోయే ప్లాటు పోనివ్వండి, భోగాపురం చుట్టుపక్కల ప్లాట్లకు కరువేం లేదు. నెలకు రెండుసార్ల కంటే యాప్ తెరవకుండా ఉండగలిగితే ఇంకా మంచిది, నాకది ఇప్పటికీ చేతకావడం లేదు.

ఆ నోటుబుక్కు చూసేవాళ్లు ఒకరుండాలి. పలాస వ్యాపారికి మేమున్నాం. మీకు మీ ఆవిడ ఉన్నారు, కానీ ఆవిడకు చెప్పలేదన్నారు. ముందు ఆ పని చేయండి. నా ప్రైవేటు బ్యాంకు షేరు సంగతి నేను మా ఆవిడ దగ్గర పద్నాలుగు నెలలు దాచాను. తిడుతుందనుకున్నాను. చెప్పిన రాత్రి అంతా విని, పోయింది ఎంత అని కూడా అడగలేదు. "అయితే ఇంకా ఎందుకుంచారు?" అంది. చాలాసేపు వెతికాను, నా దగ్గర జవాబు లేదు. సోమవారం తొమ్మిదీ ఇరవైకి అమ్మేశాను.